కదలని కారే మంచి కారు

చాలా ఏళ్ళుగా నాకొక సందేహం ఉంది. కొత్త కారు కొన్నవాడు దాన్ని గుడికి తీసుకొస్తాడు. పంతులుగారు పసుపు కుంకుమలు పెట్టి, హారతి ఇచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి తొక్కిస్తారు. బాగానే ఉంది. నాలుగైదేళ్ళు పోయాక ఆ పెద్దమనిషి ఆ కారును ఇంకొకరికి అమ్ముకుంటాడు. అప్పుడు ఆ పూజాఫలం కారుతోపాటు కొన్నవాడికి వెళ్ళిపోతుందా, అమ్మినవాడి దగ్గరే ఉండిపోతుందా?

నాకు పూజాసామగ్రి దుకాణం ఉంది. ఆ నిమ్మకాయలు అమ్మేది నేనే కాబట్టి ఈ సందేహం నాకు రావడంలో వింత లేదు. పంతులుగారిని అడిగితే, "కొన్నవాడు మళ్ళీ చేయించుకుంటే ఏ గొడవా ఉండదు కదా గవర్రాజుగారూ!" అన్నారు. నిమ్మకాయలు అమ్మేవాడిగా నాకు ఆ జవాబు నచ్చింది. భక్తుడిగా తృప్తి కలగలేదు. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఇలాంటివి పెద్ద చదువులు చదివినవారు తేల్చాలి. వారికేమో ఇలాంటి సందేహాలు రావు.

ఏమైనా, పాత కారు కొనాల్సిన అవసరం నాకే వచ్చిపడింది. దానికి కారణం నా భార్య మంగతాయారు మొక్కు.

పదకొండేళ్ళ క్రితం నేను స్కూటరుతో సహా కాలవలో పడ్డాను. స్కూటరు దొరకలేదు, నేను దొరికాను. ఆసుపత్రిలో నేను తెలివిలో లేని సమయంలో మంగతాయారు నరసన్న కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టిందట. "స్వామీ, ఈయన్ని లేపి కూర్చోబెట్టు. ఇక రెండు చక్రాల బండి ఎక్కనివ్వను. మా సొంత నాలుగు చక్రాల బండిలో నీ కొండకి తీసుకొచ్చి, నా చేత్తో బిందెడు పానకం పోస్తాను" అని మొక్కుకుంది. నేను లేచి కూర్చున్నాను. కారు మాత్రం రాలేదు. మా బావమరిది టాక్సీ మాట్లాడతానంటే, "సొంతం అన్నాను తమ్ముడూ. స్వామి దగ్గర మాట మారుస్తామా?" అని తోసిపుచ్చింది.

ఇప్పుడు ఆవిడ మోకాలు పూర్తిగా అరిగిపోయింది. సంక్రాంతి లోపల ఆపరేషన్ చేయించకపోతే నడక పోతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మంగతాయారు అంతకంటే గట్టిగా చెప్పింది. "స్వామి బాకీ నెత్తిన పెట్టుకుని ఆ బల్ల ఎక్కను. మత్తులోకి వెళ్ళి మళ్ళీ రాకపోతే? ముందు కొండ, తర్వాతే మోకాలు."

మొక్కు తీరాలంటే కారు కావాలి. మోకాలు బాగవాలంటే మొక్కు తీరాలి. నేను బుల్లబ్బాయికి కబురు పెట్టాను.

బుల్లబ్బాయి మా ఊళ్ళో పాత కార్ల బ్రోకరు. వాడు నిజం చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు కాబట్టి ఎప్పుడు నమ్మాలో తెలుస్తుంది.

"పాత కారు చూడ్డానికి చెప్పకుండా ఎల్లాలండి," అన్నాడు గొంతు తగ్గించి. "అదీ పొద్దున్నే. బానెట్టు మీద చెయ్యెయ్యండి. వెచ్చగా ఉందనుకోండి, మనం రాకముందే స్టార్ట్ చేసి ఏదో కప్పెట్టాడన్న మాట. నీలం పొగ వచ్చిందా, ఇంజను నూనె తాగుతోంది. కాళ్ళకింద పట్టా ఎత్తి చూడండి. ఒండ్రు కనపడిందా, అది గోదారి వరదలో మునిగిన బండి. ఇక మీటరంటారా, మీటర్ని నమ్మకండి. బ్రేకు తొక్కే రబ్బరుంటాది చూడండి, దాన్ని నమ్మండి. మీటరు చూస్తే పసిపిల్లలా ఉండి రబ్బరు అరిగిపోయి ఉంటే, ఎవడో చెయ్యి పెట్టి తిప్పేశాడన్న మాటే."

"నువ్వెప్పుడూ తిప్పలేదా?"

"ఇప్పుడు ఆ మాటలెందుకండి," అన్నాడు మామూలు గొంతుతో.

వాడు మమ్మల్ని అబ్బులు మేష్టారింటికి తీసుకెళ్ళాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మేష్టారు. తెల్లటి పాత కారు వాకిట్లో నిలబడి ఉంది, మేష్టారు దాని పక్కన అంతకంటే నిటారుగా నిలబడి ఉన్నారు. బానెట్టు చల్లగా ఉంది. పొగ రంగు లేకుండా వచ్చింది. పట్టా కింద ఇసుక రేణువు కూడా లేదు. రబ్బరు, మీటరు ఒకే మాట చెప్పాయి.

"పిల్లల్ని పరిగెత్తించాను గానీ ఈ బండిని ఎప్పుడూ పరిగెత్తించలేదండి," అన్నారు మేష్టారు.

మంగతాయారు పరీక్ష వేరు. వెనక సీట్లో కూర్చుంది. దిగింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ దిగింది. "ఏవండీ, ఎవరూ చెయ్యి పట్టకుండా దిగాను. ఇదే తీసుకోండి," అంది.

అలా కాలవగట్టు దాకా నడిపి చూద్దామని నేను తాళం తిప్పబోతే బుల్లబ్బాయి కిటికీలోంచి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగండాగండి! తోలేత్తారా ఏంటి? మండలొచ్చింది కదండీ!"

అప్పుడే నేను మండలి సంగతి విన్నాను.

పాత కార్ల బ్రోకర్లు మీటర్లు వెనక్కి తిప్పి జనాన్ని ముంచుతున్నారని పైవారికి తెలిసింది. ఇది అందరికీ తెలిసిన సంగతే గాని, పైవారికి తెలిస్తే దానికి ఒక కార్యాలయం వస్తుంది. అలా వచ్చింది వినియోగిత వాహన విశ్వసనీయతా మండలి. పాత కారు అమ్మాలంటే మండలి ఇచ్చే విశ్వసనీయతా పత్రం ఉండాలి. అందులో మీటరు అంకె రాస్తారు. పేరు మార్పిడి రోజున పత్రంలో అంకె, మీటరులో అంకె ఒక్కటిగా ఉండాలి. మంచి నియమమే. మోసం పోతుంది కదా అని నేను సంతోషించాను కూడా.

మర్నాడు మేష్టారు, నేను, బుల్లబ్బాయి ఆ కారులోనే మండలి కార్యాలయానికి వెళ్ళాం. గోడమీద పెద్ద అక్షరాలతో 'మీటరు మారదు, మాట తప్పదు' అని రాసి ఉంది. ప్రాంతీయ విశ్వసనీయతాధికారి వేమవరపు చిదానందంగారు స్వయంగా వచ్చి మీటరు చూసి, పత్రం రాసి, మూడు ముద్రలు వేసి ఇచ్చారు. మేం ఇంటికొచ్చాం. వారం తర్వాత పేరు మార్పిడికి వెళితే, కిటికీ అవతల గుమస్తా మా పత్రాన్ని వేలి చివరతో పట్టుకుని చిదానందంగారి దగ్గరకే పంపాడు.

"పత్రంలోని సంఖ్యకూ మీటరులోని సంఖ్యకూ మధ్య వ్యత్యాసం గోచరిస్తోంది," అన్నారాయన.

"అవునండి. ఇక్కణ్ణించి ఇంటికెళ్ళాం కదండి," అన్నాను.

"ఎందుకు వెళ్ళారు?"

"ఇల్లండీ అది."

ఆయన కళ్ళజోడు తీసి నావైపు జాలిగా చూశారు. "చూడండి, పత్రం పొందిన పిమ్మట వాహనం కదలడమంటే పత్రం అసత్యమాడినట్లు చేయడమే. వాహనాన్ని మండలి సమక్షానికి తేవలెను. తెచ్చిన పిమ్మట కదలరాదు. కదలక తప్పని పక్షంలో చక్రములు తిరగకుండా కదలవలెను."

"చక్రాలు తిరక్కుండా ఎలా కదులుతుందండి?"

"అది యజమాని విచక్షణకు విడిచిపెట్టబడింది."

విచక్షణకు ట్రాక్టరు దొరికింది. నెల తిరిగేసరికి మా జిల్లాలో కార్లన్నీ ట్రాక్టరు తొట్టెల్లో ఊరేగుతున్నాయి. వరి ధాన్యం కళ్ళాల్లో ఉండిపోయింది, కార్లు మాత్రం రోడ్ల మీద తిరిగాయి. మేష్టారి కారును కూడా తొట్టెలో ఎక్కించి రెండోసారి తీసుకెళ్ళాం. మేష్టారు తొట్టెలోనే కారు పక్కన నిలబడ్డారు. దారిలో ఎవరో, "ఏం మేష్టారూ, బండికి ఒంట్లో బాలేదా?" అని అడిగారు. "ఆరోగ్యంగా ఉందండి. అందుకే మోస్తున్నాం," అన్నారాయన.

అప్పటికి మండలి ఇంకో అడుగు వేసింది. పత్రంతోపాటు మార్కులు కూడా ఇస్తోంది. కొనేవాడికి మంచి కారు ఏదో ఒక్క చూపులో తెలియాలి కదా. పొగ లేకపోతే ఇన్ని మార్కులు, శబ్దం లేకపోతే ఇన్ని, ఇంజను చల్లగా ఉంటే ఇన్ని, బ్రేకు రబ్బరు అరగకపోతే ఇన్ని.

పరీక్ష వేళకు మేష్టారు అలవాటు కొద్దీ తాళం తిప్పబోయారు. బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చాడు.

"స్టార్ట్ చెయ్యకండి బాబూ! స్టార్టయిందంటే శబ్దం మార్కులు పోతాయి, పొగ మార్కులు పోతాయి, వేడెక్కితే ఆ మార్కులూ పోతాయి!"

"అయితే ఇంజను బాగుందని తెలిసేదెలాగయ్యా?"

"ఇంజను బాగుంటే మీకే నష్టవండి!"

వాడు చెప్పింది నిజమే. కార్తీకమాసంలో మండలివారు పెద్ద సభ చేసి 'ఆదర్శ వినియోగిత వాహనం' బహుమతి ఇచ్చారు. అది ఒక రొయ్యల వ్యాపారి కారుకి వచ్చింది. ఆయన ఎప్పుడో ఇంజను ఊడదీసి పడవకి బిగించుకున్నాడట. పొగ లేదు, శబ్దం లేదు, వేడి లేదు. నూటికి నూరు. వేదిక మీద చిదానందంగారు బానెట్టు ఎత్తి చూపిస్తే లోపల ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. పర్యావరణ హితం కింద అదనంగా మరో అయిదు మార్కులు కలిపారు. నూటికి నూట అయిదు.

జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టి, చెయ్యెత్తి అడిగాను.

"అయ్యా, ఇంజను లేకపోతే ఎలా వెళుతుందండి?"

"వెళ్ళుట అనునది కొనుగోలు అనంతర విషయం," అన్నారు చిదానందంగారు మైకులో. "అది మండలి పరిధిలోకి రాదు."

ఆ సాయంత్రం సభ ముగిశాక ఆయన బస్టాండులో నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆఫీసు కారు ఏమైందని అడిగాను. దానికి కూడా పత్రం తీసుకున్నారట.

మేష్టారి కారుకి మార్కులు బొటాబొటిగా వచ్చాయి. నిజానికి అది నడిచే కారు కావడం వల్ల బేరంలో కూడా తక్కువకే వచ్చింది. మళ్ళీ తొట్టెలో ఎక్కించి మా వీధికి తెచ్చుకున్నాం. కారు నా పేరున మారింది. మంగతాయారు బెల్లం, మిరియాలు, యాలకులు తీసి పెట్టింది, ఇత్తడి బిందె తోమింది. అప్పుడు వచ్చింది పేరు మార్పిడి ఉత్తర్వుతోపాటు రెండో కాగితం. దాని పేరు స్థిరత్వ కాలం. ఏడాది పాటు మీటరు అంకె పెరగరాదు. పెరిగిన పక్షంలో పేరు మార్పిడి దానంతట అదే రద్దయి వాహనం పాత యజమానికి సంక్రమించును.

మంగతాయారు కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"అంటే ఏవండీ, కదిలించామంటే మనది కాదు. మనది అంటే కదలదు."

"అంతే."

"నేనేమో సొంతం అన్నాను. రావాలి అన్నాను. రెండూ అన్నానే!" ఆవిడ బెంచీ మీద కూర్చుని మోకాలు పట్టుకుంది. "స్వామికి మొక్కినప్పుడు ఇలాంటి ఆఫీసొకటి వస్తుందని నాకేం తెలుసండీ?"

నేను మళ్ళీ చిదానందంగారి దగ్గరకు వెళ్ళాను. డాక్టరుగారి చీటీ చూపించాను. మొక్కు సంగతి చెప్పాను. దైవదర్శనానికి ఒక్కసారి కదిలించుకుంటామని, మళ్ళీ ఏడాది పొడుగునా ముట్టుకోమని అర్జీ పెట్టుకున్నాను.

ఆయన అర్జీ శ్రద్ధగా చదివారు. "మీ భక్తి ప్రశంసనీయం. అయితే నియమావళిలో వివాహము, వైద్యము, ఎన్నికల విధి, వరదలు, ఈ నాలుగింటి నిమిత్తం కూడా కదలిక నిషేధించబడినది. దైవము ప్రస్తావనే లేదు."

"ప్రస్తావన లేకపోతే నిషేధం కూడా లేనట్టే కదండీ?"

"ప్రస్తావన లేని విషయమును అనుమతించుటకు నేనెవరిని?" అని ఆయన చేతులు జోడించారు. ఆ వినయం చూసి నేను కూడా చేతులు జోడించి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి సందులో కారు చుట్టూ జనం. మా ఇంటి షెడ్డు సందు లోపల ఉంటుంది. తొట్టెలోంచి దించి వీధి మొదట్లోనే నిలిపిన కారును వానకు తడవకుండా బుల్లబ్బాయి నలుగుర్ని పెట్టి సందులోకి నెట్టించాడు. మలుపు తిరగదని వెనక్కి నెట్టించాడు. ఇప్పుడు వాడు స్టీరింగు దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు.

"గవర్రాజుగారూ! ఇలా రండి. చివర ఎర్రంకె చూడండి."

అది పాతకాలం మీటరు. లోపల చిన్న చిన్న పళ్ళచక్రాలు తిరిగి అంకెలు దొర్లుతాయి. ఎర్ర అంకె ఒకటి వెనక్కి దొర్లింది.

"తగ్గిందండి," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "ముందుకెళ్తే పెరిగినట్టే, వెనక్కెళ్తే తగ్గుతోంది. అయ్యబాబోయ్, ఇప్పుడు నన్ను మీటరు తిప్పానంటారు! ఒట్టండి, ఈ ఒక్క బండికీ నేను చెయ్యి పెట్టలేదు!"

దాచుకుంటే మనసు ఒప్పదు. మర్నాడు ఇద్దరం వెళ్ళి చిదానందంగారితో ఉన్నదున్నట్టు చెప్పుకున్నాం. ఆయన చాలాసేపు నియమావళి తిరగేశారు. పై కార్యాలయానికి ఫోన్ చేశారు. ఫోన్ పెట్టేసి లేచి నిలబడ్డారు. నేను కూడా భయంతో లేచి నిలబడ్డాను. ఆయన నాకు చెయ్యి అందించారు.

"నియమము ఏమంటోంది? సంఖ్య పెరగరాదు. మీది పెరిగినదా? లేదు. తగ్గినది. తక్కువ తిరిగిన వాహనమునకు ఎక్కువ మార్కులు. కాబట్టి మీ వాహనము పత్రము పొందిన నాటికంటే కొంత నూతనమైనది. అభినందనలు!"

 నాకు ఒక్కమాట అడగాలనిపించింది.

"అయ్యా, మీటరు వెనక్కి తిప్పేవాళ్ళని పట్టుకోడానికే కదండీ ఈ మండలి పెట్టింది?"

"వారు చేతితో తిప్పారు. మీరు చక్రములతో తిప్పారు. మొదటిది మోసం. రెండవది ప్రగతి."

పది రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. ప్రతీప గమనం ద్వారా వినియోగిత వాహనముల యౌవన పునరుద్ధరణ. అంటే, వెనక్కి తోలండి.

ఇక మా జిల్లాను చూడాలి. సంతకు వెనక్కి వెళ్ళారు. సినిమాకు వెనక్కి వెళ్ళారు. ఒక పెళ్ళివారి కార్లన్నీ వరసగా వెనక్కి రావడం చూసి, వరుడు అలిగి తిరిగి వెళ్ళిపోతున్నాడనుకుని ఆడపెళ్ళివారు గొల్లుమన్నారు. అంకెలు వెలుగులో కనబడే కొత్తరకం మీటర్లు వెనక్కి తగ్గవు కాబట్టి కొత్త కార్ల ధరలు పడిపోయాయి. రొయ్యల వ్యాపారి ఆదర్శ వాహనానికి ఎడ్లు కట్టి వెనక్కి లాగిస్తున్నాడని విన్నాను. అందరి మెడలూ ఒకే పక్కకి వంకరపోయాయి. నా దుకాణంలో హారతి కర్పూరం కంటే మెడకు రాసుకునే కర్పూర తైలం ఎక్కువ అమ్ముడైంది.

ఆర్టీసీ బస్సులు మాత్రం ముందుకే వెళ్ళేవి. ఒక డ్రైవరు మా వీధి మొదట్లో తల బయటపెట్టి, "వస్తున్నారో పోతున్నారో తెలీదు గదరా నాయనా! ఎటు తప్పుకోమంటారు నన్ను?" అని ఏడ్చినంత పని చేశాడు.

ఈ గోలంతా మంగతాయారు మూడు రోజులు అరుగు మీద కూర్చుని చూసింది. నాలుగో రోజు పొద్దున కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, "ఏవండీ, కొండకి వెనక్కి వెళ్ళకూడదని ఎక్కడైనా ఉందా?" అంది.

"ఎక్కడ? నియమావళిలోనా, శాస్త్రంలోనా?"

"రెండిట్లోనూ."

నియమావళి సంగతి నాకు తెలుసు. శాస్త్రం సంగతి పంతులుగారిని అడిగాం.  "స్వామికి వీపు చూపించకూడదని దర్శనమయ్యాక వెనక్కి నడిచి బయటికి వచ్చేవాళ్ళు ఉన్నారమ్మా. వెనక్కి నడిచి లోపలికి వెళ్ళేవాళ్ళ గురించి ఎక్కడా చదవలేదు. తప్పని మాత్రం లేదు," అన్నారు.

"అయితే చాలు," అంది మంగతాయారు. "సొంత బండి, నాలుగు చక్రాలు, కొండ మీదికి రావడం. ఏ మొహంతో వస్తానో నేను చెప్పలేదు."

శనివారం తెల్లారి బయల్దేరాం. బుల్లబ్బాయి స్టీరింగు పట్టుకున్నాడు. వాడి మెడకు తువ్వాలు చుట్టి, దాన్నిండా తైలం పోశాను. నేను వాడి పక్కన. వెనక సీట్లో మంగతాయారు, ఒళ్ళో పానకం బిందె. కారు వెనక్కి కదిలింది. ఎర్ర అంకె దొర్లింది, దాని వెనక నల్ల అంకె కూడా దొర్లింది. ఊరు మా ఎదురుగానే దూరమవుతూ పోయింది.

"అక్కయ్యగారూ, నాకు ముందేం కనపట్టంలేదండి. మీరే చెప్పాలి!" అన్నాడు బుల్లబ్బాయి వెనక్కి తిరిగి.

"గేదెలొస్తున్నాయి నాయనా. ఎడమకి... నీ ఎడమ కాదు, నా ఎడమ!"

"ఇప్పుడు మీ ఎడమే కదండీ నా ఎడమ?"

"గేదెనడుగు!"

గేదే తప్పుకుంది. ఘాటు రోడ్డు మొదలయ్యేసరికి ఎండెక్కింది. ప్రతి మలుపులోనూ బుల్లబ్బాయి నరసన్నను ఒక్కొక్క పేరుతో పిలుస్తూ తిప్పాడు. పానకం ఒక్క చుక్క తొణకలేదు. నాకు కొండ కనబడలేదు, ఎక్కి వచ్చిన దారే కనబడింది. వెనక సీట్లో కూర్చున్న మంగతాయారే మా అందరికంటే ముందు కొండెక్కింది. గోపురం కూడా ముందు ఆవిడకే కనబడింది. "అదిగో," అంది.

పైన చిదానందంగారు ఉన్నారు. ఉత్తర్వు వచ్చాక మొదటిసారిగా ప్రతీప గమనంతో కొండెక్కే వాహనాన్ని సత్కరించాలని మండలి నిర్ణయించిందట. గుడి వాకిలికి అడ్డంగా తోరణం, మైకు, ఫోటోగ్రాఫరు, దండలు. ఆయన కారు తలుపు తీసి మీటరు చూసి, మైకు దగ్గరకు పరిగెత్తారు.

"సోదర సోదరీమణులారా! ఈ వాహనము కొండ కింద ఉన్నప్పటికంటే కొండ మీద నూతనముగా ఉన్నది! ఈ శుభ సందర్భమున ఇక్కడే, ఇప్పుడే, ఈ తగ్గిన సంఖ్యతో నూతన విశ్వసనీయతా పత్రమును ప్రదానం చేయుచున్నాను!"

బుల్లబ్బాయి నా చొక్కా పట్టుకుని లాగాడు. వాడి మెడ తిరగడం లేదు, అందుకని ఒళ్ళంతా తిప్పి మాట్లాడాడు.

"గవర్రాజుగారూ, ఆపండి! పాత కాగితమైతే ముందుకి దిగినా పాత అంకె దాటదు గానీ, ఇక్కడి అంకె కాగితంలో రాసేత్తే ఇక ముందుకెళ్ళడానికి లేదండి! కొండ దిగేటప్పుడు కూడా వెనక్కే దిగాలి! ఆ మలుపుల్లో వెనక్కి దిగడం నా వల్ల కాదు, పిల్లలున్నోణ్ణి!"

నేను చిదానందంగారి దగ్గరకు వెళ్ళి ఈ మాటే మనవి చేసుకున్నాను.

"అవరోహణ మండలి పరిధిలోకి రాదు," అన్నారాయన, కలం తీస్తూ.

ఈలోగా మంగతాయారు దిగింది. ఎవరూ చెయ్యి పట్టలేదు. బిందె నడుముకి ఆనించుకుని వాకిలి దాకా వచ్చింది. తోరణం దగ్గర ఫోటోగ్రాఫరు ఆపాడు. చిదానందంగారు ఒక చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, ప్రసంగం, పత్రప్రదానం, ఛాయాచిత్రం. పిమ్మట దర్శనం," అన్నారు. ప్రసంగం కాగితాలు ఆయన చేతిలో దళసరిగా ఉన్నాయి. మంగతాయారు కాలు వణకడం చీర అంచులో కనబడుతోంది.

"బాబూ," అంది ఆవిడ. "ఒక్క మాట చెప్పండి. ఈ క్షణాన ఈ బండి ఎవరి పేరున ఉంది?"

"నిస్సందేహముగా మీ వారి పేరుననే."

"రాతలో ఉన్నట్టేనా?"

"మూడు ముద్రలతో."

"నాకంతే కావాలి. ఇక తప్పుకోండి."

"కాని పత్రము—"

"దిగేటప్పుడు అది ఎవరి పేరునైనా ఉండనివ్వండి. బుల్లబ్బాయ్, కిందకి ముందుకే పోనిద్దువుగాని."

"పేరు మేష్టారికి ఎల్లిపోద్దండి అక్కయ్యగారూ!"

"వెళ్ళనీ. మొక్కింది రావడానికి గానీ తిరిగెళ్ళడానికి కాదు కదా! మేష్టారు మనకి కాదంటారా?"

బుల్లబ్బాయి ముఖంలో ఎన్నాళ్ళకో వెలుగు కనబడింది. చిదానందంగారు చెయ్యి దించలేదు. మంగతాయారు ఆ చేతి కింద నుంచి బిందెతో సహా వంగి అవతలికి వెళ్ళిపోయింది. ఆ మోకాలు అలా వంగడం నేను చూసి చాలాకాలమైంది. వెనక మైకులో, "ప్రగతి అనునది..." అని మొదలైంది. విన్నవాళ్ళెవరో నాకు తెలీదు.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. పూజారిగారు పళ్ళెం జరిపి చోటిచ్చారు. నేను బిందె అడుగున చెయ్యి వెయ్యబోతే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నా చేత్తో అన్నాను," అంది.

గడపకు భుజం ఆనించుకుని, పెదవి బిగబట్టి బిందె ఎత్తింది. పానకం ధారగా పడింది. మిరియాల ఘాటు, యాలకుల వాసన గర్భగుడి నిండిపోయాయి.

"ఆలస్యమైంది స్వామీ," అంది మంగతాయారు. "ఆఫీసు పని."

బిందె పూర్తిగా బోర్లించి, చివరి చుక్క పడేదాకా అలాగే పట్టుకుంది.